బర్రెను కట్టేసిన రాయి

"ఇక్కడ ఇంతకుముందు ఏమీ లేదండీ. రాళ్లు, తుమ్మపొదలు, నాలుగు కూలోళ్ల గుడిసెలు."

హైటెక్ సిటీ గురించి ఎవరు మాట్లాడినా ఇలాగే మొదలుపెడతారు. మా పొలాల్లో లేచిన అద్దాల భవనం ముందు ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని ఈ మాటే చెబుతుంటే నేను రోడ్డవతల నిలబడి విన్నాను. జనం చప్పట్లు కొట్టారు. మిగతా ఊళ్ల సంగతి నాకు తెలియదు. మా ఊరికి సంబంధించినంత వరకు ఆ మాట ఎక్కడ పుట్టిందో నాకు బాగా తెలుసు. తొంభైల చివర్లో, ఒక ఎండాకాలం పొద్దున, అది నా నోట్లోంచి వచ్చి ఒక ఇంజనీరు నోటుబుక్కులోకి ఎక్కింది. అబద్ధం నాది. కాబట్టి దాన్ని వెనక్కి తీసుకోవలసినవాణ్ణి కూడా నేనే. తీసుకుంటున్నాను. ఎవరికి నచ్చినా నచ్చకపోయినా.

రాళ్లున్న మాట నిజం. మా తాత వాళ్లు వచ్చేనాటికి రాళ్లు తప్ప నిజంగానే ఏమీ లేవు. రెండేళ్లు వరుసగా వానలు పడక మెతుకుసీమలో బతకలేక, తొమ్మిది ఇళ్లవాళ్లు బండ్లు కట్టుకుని ఇటు వచ్చారు. ఈ భూమి ఒక దొరది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్లు, వాటి మధ్య సందులు. దున్నుకుంటామని అడిగితే దొర నవ్వాడట. "రాళ్లల్ల ఏం పండిస్తర్రా? పండితే మీరే తినుండ్రి, పోండ్రి" అన్నాడట. అది వరమో వెక్కిరింతో మా తాతకు అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా ఆగే ఓపిక కూడా లేదు.

రాళ్ల సందుల్లో మన్ను లేదు. మన్ను తెచ్చుకున్నారు. రెండు మైళ్ల అవతల ఎండిన చెరువులోంచి ఒండ్రుమట్టి తట్టలకెత్తుకుని మోశారు. ఆడవాళ్లు, మగవాళ్లు, పొద్దున నాలుగు ఖేపులు, సాయంత్రం నాలుగు ఖేపులు. గుండుకూ గుండుకూ మధ్య రాళ్లకట్ట పేర్చి, వెనకాల మట్టి నింపి, చాపంత మడి తయారుచేశారు. తర్వాత దాని పక్కనే ఇంకొకటి. మా ఊరి మన్ను మా ఊళ్లో పుట్టింది కాదు. ప్రతి మడీ ఎవరో ఒకరి నెత్తి మీద నుంచి దిగింది. మా నాయనమ్మకు నడినెత్తి మీద రూపాయిబిళ్లంత మేర వెంట్రుకలు మొలవలేదు, చచ్చిపోయేదాకా.

నీళ్ల కోసం మూడు ఎండాకాలాలు బాయి తవ్వారు. తవ్వారనడం కూడా సరికాదు. బండ మీద కట్టెలు పేర్చి కాల్చి, ఎర్రగా కాలినాక నీళ్లు గుమ్మరిస్తే బండ పగిలేది. పగిలినంత ఎత్తి పారేసి మళ్లీ కట్టెలు పేర్చేవారు. మూడో ఏడు ఒక రాయి కదిలించగానే దాని కింద చెమ్మ కనిపించింది. సాయంత్రానికి మోకాలిలోతు నీళ్లు.

ఆ రాయిని మా వాళ్లు పారేయలేదు. నీళ్లు పడ్డాక ఇక ఎక్కడికీ పోయేది లేదని తొమ్మిది ఇళ్లవాళ్లూ అనుకున్నారు. దాన్నే బొడ్రాయిగా నాటారు. మనిషికి బొడ్డు ఎట్లాగో ఊరికి బొడ్రాయి అట్లా. అది నాటేదాకా ఎన్ని ఇళ్లున్నా అవి గుడిసెలే, నాటినాక ఊరు. గుంట తవ్వి నవధాన్యాలు పోసి, తాము వదిలి వచ్చిన ఊళ్ల నుంచి ఇంటికొక పిడికెడు మన్ను తెచ్చి అందులో వేశారు. మా నాయనమ్మ అప్పటికి కొత్త కోడలు. తన వంతు మన్ను పుట్టింటి నుంచి కొంగున ముడేసుకుని కాలినడకన తెచ్చింది. "నా పిడికిలి గూడ ఉంది దాంట్ల" అని ఆమె జీవితమంతా చెప్పుకుంది. ఆ రోజు ఊరి చుట్టూ పొలి చల్లారు. అంటే, పసుపు కలిపిన అన్నం పొలిమేర పొడుగునా చల్లుకుంటూ పోయారు. పొలి చల్లిన రోజు పొద్దుగూకేదాకా బయటివాడు లోపలికి రాకూడదు, లోపలివాడు బయటికి పోకూడదు. అది కట్టడి.

తర్వాత ఊరు పెరిగింది. జొన్నలతో మొదలుపెట్టి ఆకుకూరల్లోకి వచ్చారు. కొత్తిమీర, పాలకూర, మెంతి గంపలకెత్తుకుని ఆడవాళ్లు హఫీజ్‌పేట స్టేషన్లో రైలెక్కి పట్నం పోయేవారు. టికెట్ అడిగిన వాడి చేతిలో ఒక కొత్తిమీర కట్ట పెట్టి, "ఇంటికి తీస్కపో నాయినా, పచ్చడి నూరమను" అనేవారు. మా నాయిన కాలానికి ద్రాక్ష వచ్చింది. పందిళ్లకు గుంజలు కావాలంటే మా గుండ్లనే నిలువునా చీల్చి రాతిగుంజలు పాతారు. ఏ రాళ్లను చూసి దొర నవ్వాడో ఆ రాళ్ల మీదే ద్రాక్షతీగలు పాకాయి. చుట్టుపక్కల పల్లెలవాళ్లు బేస్తవారం అంగడికి మా ఊరే వచ్చేవారు. పిండి గిర్ని వచ్చింది. సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం, ఒక గది బడి, తర్వాత రెండు గదుల బడి, చాయ్ హోటలు వచ్చాయి. నేను పుట్టేనాటికి మూడు వందల గడపలు. చూడ్డానికి చిన్నదే కానీ అంగడి రోజున అది పల్లె కాదు, పట్నమే.

ఆ బొడ్రాయికి గుడి కట్టలేదు, కప్పు వేయలేదు. అంగడి మధ్యలో మోకాలెత్తున ఉండేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒకసారి గోళీలాటకు ఆలస్యమవుతోందని మా బర్రెను తెచ్చి దానికి కట్టేశాను. అది పేడ వేసింది. మా తాత వేపబెత్తం విరిగేదాకా కొట్టాడు. ఊరంతా చూసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి గిర్ని దగ్గర నన్ను చూస్తే చాలు, "ఏమిరా, బర్రె ఎక్కడుంది? బొడ్రాయికాడనా?" అని ఎవరో ఒకరు నవ్వేవారు.

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు రోడ్డు కొలతలవాళ్లు వచ్చారు. ఇంటర్ తప్పి జీడిమెట్ల ఫ్యాక్టరీల క్యాంటీన్లకు సైకిల్ మీద పాలు వేస్తున్న రోజులవి. సైట్ షెడ్డుకూ పాలు వేసేవాణ్ణి. అక్కడి ఇంజనీరు కోస్తా నుంచి వచ్చినాయన, నెమ్మదస్తుడు. గుండ్ల మధ్య దారులు తెలిసినవాడు కావాలన్నాడు. వెళ్లాను. చేతికి కొలబద్ద ఇచ్చారు, నెత్తిన పసుప్పచ్చ హెల్మెట్ పెట్టారు. పని అయ్యాక సూపర్‌వైజర్ని చేస్తామన్నారు.

ఆ హెల్మెట్ గురించి చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. దాన్ని ఇంట్లో కూడా తీసేవాణ్ణి కాదు. "నెత్తి మీద గుమ్మడికాయ పెట్టుకుని అన్నం తింటున్నవేందిరా" అని మా నాయిన నవ్వాడు. షెడ్డులో కుర్రాళ్లు నన్ను చూసి ముక్కు మూసుకునేవారు, పాల వాసన, పేడ వాసన అని. రోజుకు రెండుసార్లు సబ్బుతో ఒళ్లు రుద్దుకునేవాణ్ణి. నా ఊరి వాసన పోవాలని రుద్దుకున్నాను. ఇందులో వేరే ఎవరి తప్పూ లేదు.

ఆ పొద్దున కొలతలు అంగడి మధ్యకు వచ్చాయి. అంగడి రోజు కాదు, ఖాళీగా ఉంది. ఇంజనీరు రాయి దగ్గర ఆగాడు.

"ఇదేంటయ్యా? దేవుడి రాయా?"

అవును అంటే ఏమవుతుందో నాకు తెలుసు. విచారణ, పెద్దమనుషులను పిలవడం, పని ఆగడం. ముక్కు మూసుకునే కుర్రాళ్లు పక్కనే ఉన్నారు. పల్లెటూరివాడి మూఢభక్తి అని వాళ్లు నవ్వుతారనిపించింది.

"ఏం లేదు సార్. బర్రెలను కట్టేసే రాయి."

"పసుపు ఉన్నట్టుందే?"

"పిల్లలు పూసిండ్రు సార్, ఆటకు."

ఆయన రాసుకున్నాడు. "ఈ ఊరు ఎప్పటినుంచీ ఉంది?"

అక్కడితో ఆగి ఉండొచ్చు. ఆగలేదు. "ఊరేంది సార్, రాళ్లు, తుమ్మపొదలు. కూలోళ్లొచ్చి గుడిసెలేసుకున్నరు, గంతే" అన్నాను. కుర్రాళ్లు నవ్వలేదు. నాకు ఎంతో గొప్పగా అనిపించింది.

వారం తిరిగేసరికి సున్నం గీత పడింది. వాకిలి ఊడుస్తూ మా నాయనమ్మే మొదట చూసింది. తెల్లటి గీత అంగడిలోకి వచ్చి, బొడ్రాయి మీదుగా ఎక్కి, అవతలకు దిగి పోయింది. చీపురు అక్కడే పడేసి ఆమె ఇల్లిల్లూ తిరిగింది. మధ్యాహ్నానికి ఊరంతా షెడ్డు ముందుంది.

మా నాయిన ముందు నిలబడి అడిగాడు. "సారూ, రోడ్డేస్తరా, ఏసుకోండ్రి. బొడ్రాయి మీదికెల్లి ఎట్ల పోతరు?"

ఇంజనీరు నిజంగానే ఆశ్చర్యపోయాడు. నోటుబుక్కు తీసి చూపించాడు. "బొడ్రాయని ఎవరూ చెప్పలేదండీ. పశువులను కట్టేసే రాయని మీ వాళ్లే చెప్పారు, ఇదిగో, రాసుకున్నాను. కాగితాలు పైకి వెళ్లిపోయాయి. బేస్తవారం బుల్డోజర్ వస్తోంది."

"ఎవడు చెప్పిండు సారూ?" పిండి గిర్ని నడిపే ఆమె గొంతు లేచింది. "జర చూపెట్టుండ్రి, వాని నోట్ల ఇంత పిండి కొడత."

నేను ఇంజనీరు పక్కనే ఉన్నాను, నెత్తిన హెల్మెట్‌తో. ఆయన నా వైపు చూడలేదు, నా పేరు చెప్పలేదు. ఆ మర్యాద వెనకాల నేను దాక్కున్నాను. మొదటి అబద్ధం తొందరలో వచ్చింది. ఈ మౌనం మాత్రం తీరిగ్గా, ఆలోచించుకుని చేసింది. రెండింటిలో ఇదే నన్ను ఎక్కువ తింటుంది.

ఆ సాయంత్రం మా నాయనమ్మ నాకు అన్నం పెట్టింది. పప్పు వేసింది. ఎదురుగా కూర్చుంది.

"బిడ్డా, ఒక్కటి అడుగుత చెప్పు. ఆ రాయికి బర్రెను కట్టేసినోడు ఈ ఊర్ల ఎంతమంది ఉన్నరు?"

ముద్ద కంచంలో పెట్టేశాను.

"ఒక్కడే నాయినమ్మా."

"ఊఁ. నాగ్గూడ ఒక్కడే యాదికున్నడు." నీళ్ల చెంబు నా ముందుకు జరిపింది. "నీళ్లు తాగు. ఇంట్ల చెప్పినవు. నాకెందుకు చెప్పుడు? ఎవనికి చెప్పినవో వానికి చెప్పి రా."

నేను వెళ్లలేదు. రేపు, రేపు అని మూడు రోజులు గడిపాను. ఆ మూడు రోజుల్లో ఊరు ఇంకో దారి పట్టింది. బొడ్రాయి పండుగ చేసి చాలా ఏళ్లయింది. పైసలు కూడనందుకో, తీరిక లేనందుకో వాయిదా పడుతూ వచ్చింది. ఇప్పుడు ఎవరూ పైసల మాట ఎత్తలేదు. బుల్డోజర్ వచ్చే బేస్తవారమే పండుగ అన్నారు. పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డలందరికీ కబురు పోయింది. లింగంపల్లి నుంచి, జీడిమెట్ల నుంచి, దూరపు జిల్లాల నుంచి పిల్లాజెల్లలతో దిగారు.

బేస్తవారం పొద్దున సూర్యుడు రాకముందే నేను షెడ్డుకు బయల్దేరాను, చెప్పేద్దామనే. మా నాయిన వాకిట్లో అడ్డం నిలబడ్డాడు. "పొలి చల్లబోతున్నరు. ఇప్పుడు పోతే పొద్దుగూకేదాక లోపలికి రావు. తెలుసు గదా?"

"తెలుసు నాయినా."

"ఎటు దిక్కు నిలబడతవో చూసుకో మరి" అని పక్కకు జరిగాడు.

షెడ్డు చేరేసరికి బుల్డోజర్ అప్పటికే కదిలింది. ఇంజనీరు జీపు ఎక్కుతూ, "రావయ్యా, దారి చూపించు" అన్నాడు. జీపులో ఆయన పక్కన కూర్చుని కూడా నోరు పెగల్లేదు. అంత పిరికివాణ్ణి.

ఊరి మొదట్లో దారికి అడ్డంగా వేపమండల తోరణం కట్టి ఉంది. దాని కింద నేల మీద పసుపు అన్నం, ఇంకా తడిగా. అవతల మా ఊరు ఊరంతా నిలబడి ఉంది. డప్పులు మోగుతున్నాయి. ఎవరి చేతిలోనూ కర్రలు లేవు. ముందు వరసలో మా నాయనమ్మ, ముక్కాలి పీట వేసుకుని కూర్చుని ఉంది.

బుల్డోజర్ ఆగిపోయింది. డ్రైవరు కిందికి దిగి, పొలి చూసి, రెండడుగులు వెనక్కి వేసి చెప్పులు విడిచాడు.

"ఏమైందయ్యా? నడుపు" అన్నాడు ఇంజనీరు.

"నాతోని కాదు సార్. నాది పాలమూరు. మా ఊర్ల గూడ బొడ్రాయి ఉంది. పొలి చల్లినంక దాటను."

"ఉద్యోగం పోతుందయ్యా."

"పోతె పోనీ సార్. ఇంకో బండి నడుపుకుంట." డ్రైవరు ఇంజను ఆపేసి, తాళం చెవి తీసి, బుల్డోజర్ నీడలో కూర్చుని బీడీ ముట్టించాడు.

గిర్ని ఆమె అవతలి నుంచి అరిచింది. "ఓ తమ్మీ! నువ్వు మా అల్లునివైతివి పో! పొద్దుగూకినంక రా, కోడికూర తినిపోదువు!" జనం గొల్లుమన్నారు.

ఒక్క రోజు కూడా మా ఊరిని చూడనివాడు, మా ఊళ్లో పిడికెడు మన్ను లేనివాడు, చెప్పులు విడిచాడు. నేను మాత్రం హెల్మెట్ పెట్టుకుని జీపులో కూర్చున్నాను. అప్పుడు దిగాను. హెల్మెట్ తీసి బానెట్ మీద పెట్టాను.

"సార్, నేను అబద్ధం చెప్పిన. అది బర్రెలు కట్టేసే రాయి కాదు. మా ఊరి బొడ్రాయి. మా తాతలు నాటిండ్రు."

ఇంజనీరు కూడా జీపు దిగాడు. కోపం వస్తుందనుకున్నాను. "మా ఊళ్లోనూ ఉందయ్యా బొడ్డురాయి" అన్నాడు మెల్లగా. "మా నాన్నగారు పొలం వెళ్లేటప్పుడు దానికి దణ్ణం పెట్టనిదే కదిలేవారు కాదు. ఆ రోజు ఒక్క మాట చెప్పుంటే పెన్సిల్‌తో ఇంత పక్కకు జరిపేవాణ్ణి కదయ్యా. నిమిషం పని."

నిమిషం పని. ఆ మాట ఏ తిట్టుకన్నా లోతుగా దిగింది.

"ఇప్పుడేం చెయ్యాలె సార్?"

"రాసివ్వు. తప్పు చెప్పానని నీ చేత్తో రాసి సంతకం పెట్టు. దాంతో నేను పైకి వెళ్తాను. నీకిక్కడ ఇక పని ఉండదు, అది తెలుసుకుని రాయి."

బానెట్ మీద కాగితం పెట్టి రాశాను. ఇంజను వేడికి బానెట్ చెయ్యి కాలుస్తోంది. మా తాత వాళ్లు రావడం, బాయి, రాయి, ఇంటికొక పిడికెడు మన్ను, అన్నీ రాశాను. సంతకం పెట్టాక అవతలికి వినపడేలా గట్టిగా చదివాను. డప్పులు ఆగాయి. బర్రె సంగతి వచ్చినప్పుడు ఎవరో పకపకా నవ్వారు, ఎవరో తిట్టారు. మా నాయిన నేల చూశాడు. నాయనమ్మ మాత్రం పీట మీద నుంచి అడిగింది:

"అయిపోయిందా చదువుడు?"

"అయింది నాయినమ్మా."

"ఇగ ఆడ్నే కూసో. పొద్దుగూకినంక రా."

బుల్డోజర్ వెనక్కి పోయింది. నేను పొలిమేర బయట ఒక గుండు నీడలో పొద్దుగూకేదాకా కూర్చున్నాను. లోపల బొడ్రాయికి నీళ్లు పోస్తున్నారు. మా ఆడబిడ్డల నవ్వులు, మేకల అరుపులు, కూర వాసన. పొలిమేర బయట ఉండటం ఎలా ఉంటుందో ఆ ఒక్క పగలు తెలిసింది. ఊరే లేదని చెప్పినవాణ్ణి లోపలికి రానివ్వకపోతే వాళ్లది తప్పెలా అవుతుంది?

రోడ్డు పక్కకు జరిగింది. బొడ్రాయి నిలిచింది. కథ ఇక్కడ ఆపితే బాగుండేది. కానీ ఆ కాగితంలో ఎంత రాసినా, తప్పు చెప్పానని ఒప్పుకున్నది రాయి సంగతి ఒక్కటే. "ఊరేంది సార్, రాళ్లు, తుమ్మపొదలు, కూలోళ్ల గుడిసెలు" అన్న రెండో మాట గుర్తుకు రాలేదు. అది నోటుబుక్కులోంచి కాగితాల్లోకి, కాగితాల్లోంచి మాటల్లోకి పోయింది. మడులు, ద్రాక్షపందిళ్లు, బాయి, చివరికి అంగడి చుట్టూ ఇళ్లు ఒకదాని తర్వాత ఒకటి భవనాల కిందికి పోయాయి. వాటిని పోగొట్టింది నా మాట ఒక్కటే అని అనను, నాకంత శక్తి లేదు. కానీ అడిగేవాళ్లు లేని చోటని అనుకోవడానికి ఒక వాక్యం కావలసి వచ్చినప్పుడు, నాది సిద్ధంగా ఉంది.

అందుకే ఇది రాస్తున్నాను. అద్దాల భవనం వెనక గేటు పక్కన, పార్కింగ్ గోడ వంకర తిరిగిన చోట మోకాలెత్తు రాయి ఉంది. సెక్యూరిటీ గార్డును అడగండి, చూపిస్తాడు. మొన్న పండుగకు ఆ గేటు ముందు కూడా పొలి చల్లాం. ఎవరో మేనేజరు వచ్చి, సాయంత్రం దాకా గేటు మూస్తే ఎట్లా, కార్లు రావాలి కదా, ఎవరండీ మీరు అన్నాడు. నేను ముందుకు వెళ్లాను.

"ఈ ఊరోళ్లం సార్" అన్నాను. "కార్లు పొద్దుగూకినంక వస్తయి."